పది సెంట్ల బిళ్ల మీది ఓడ పుట్టిన ఊరు: లూనెన్‌బర్గ్ మ్యూజియంలు చూసి రావడం ఎలా

కెనడాలో ఉంటే ఒకసారి జేబు తడుముకోండి. పది సెంట్ల బిళ్ల ఒకటి తగులుతుంది. ఒకవైపు రాణిగారో రాజుగారో ఉంటారు, రెండోవైపు తెరచాపలన్నీ ఎత్తి పరిగెత్తే ఓడ ఉంటుంది. 1937 నుంచి, కొన్ని ప్రత్యేక నాణేలు తప్పిస్తే, ఆ ఓడ ఆ బిళ్ల మీదే ఉంది. పేరు బ్లూనోస్. పుట్టిల్లు తూర్పు తీరపు రాష్ట్రం నోవా స్కోషియాలోని లూనెన్‌బర్గ్ అనే చిన్న రేవు ఊరు. హాలిఫాక్స్ నుంచి కారులో గంట, మహా అయితే గంటంపావు.

మనవాళ్లు చాలామంది ఈ ఊరు వెళ్తారు. రంగురంగుల ఇళ్ల ముందు నాలుగు ఫొటోలు దిగి, ఒక ఐస్‌క్రీం తిని వచ్చేస్తారు. నేనూ మొదటిసారి అంతే. రెండోసారి మా మామగారిని తీసుకెళ్లాను. ఆయన ఉప్పాడ దగ్గర పుట్టి పెరిగినవారు. వేట, వల, గేలం, ఎర, తుఫాను అన్నీ చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషి. ఆయన వెనక నడుస్తూ చూస్తే అదే ఊరు వేరేగా కనిపించింది. ఆ తర్వాత చుట్టాలు వచ్చిన ప్రతి వేసవిలోనూ వెళ్తూనే ఉన్నాను. ఎలా వెళ్తే రోజు వృథా కాదో ఇప్పుడు ఒక లెక్క కుదిరింది.

ఆ లెక్క ఇది: ఈ ఊళ్లో డబ్బు రేవులో పుట్టి కొండ మీదికి ఎక్కింది. అందుకని మీరూ కింద నీళ్ల దగ్గర మొదలుపెట్టి పైకి వెళ్లండి. ముందు ఓడ, తర్వాత వర్తకుడి ఇల్లు, ఆ తర్వాత చర్చి, చివర కొండ మీది బడి. తిరగేసి చూస్తే అన్నీ అందమైన పాత కట్టడాలుగానే మిగిలిపోతాయి.

ముందు తేదీ చూసుకోండి

చిన్న ఊళ్ల మ్యూజియంలతో వచ్చే పెద్ద చిక్కు సీజన్. ఇక్కడి ముఖ్యమైన మ్యూజియం, అంటే ఫిషరీస్ మ్యూజియం ఆఫ్ ది అట్లాంటిక్, దాదాపు మే మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకే రోజూ తెరుస్తారు. మిగతా చిన్నవి అంతకన్నా తక్కువ రోజులు, నడివేసవిలోనే. థాంక్స్‌గివింగ్ (కెనడాలో అది అక్టోబరులోనే) దాటాక చలికోటు వేసుకుని వెళ్తే తాళాలు, సముద్రపు గాలి తప్ప ఇంకేం ఉండవు. బయల్దేరే ముందు రోజు వెబ్‌సైట్‌లో వేళలు, టికెట్ ధర చూసుకోవడం తప్పనిసరి.

జులై, ఆగస్టుల్లో జనం ఎక్కువ. బడి సెలవుల వల్ల పిల్లలున్న వాళ్లకి అదే దారి. మీ చేతిలో ఉంటే సెప్టెంబరు మొదటి రెండు మూడు వారాలు పెట్టుకోండి. ఎండ ఉంటుంది, రద్దీ తగ్గుతుంది, ఓడ మీద పనిచేసే వాళ్లకి మీతో తీరిగ్గా మాట్లాడే ఓపిక ఉంటుంది. జూన్‌లో పొగమంచు దిగిందంటే అవతలి ఒడ్డు కనబడదు. దానికి నిరాశపడకండి. చేపల వేట గురించి తెలుసుకోవడానికి పొగమంచు రోజు ఎందుకు మంచిదో కింద చెప్తాను.

ఒక ఖర్చు లెక్క. నోవా స్కోషియా ప్రభుత్వ మ్యూజియంలు చాలా ఉన్నాయి. వాటన్నిటికీ కలిపి ఏడాది పాస్ ఒకటి అమ్ముతారు. హాలిఫాక్స్‌లోని మారిటైమ్ మ్యూజియం, లూనెన్‌బర్గ్ ఫిషరీస్ మ్యూజియం రెండూ అందులోవే. అక్కడ చదువుకుంటున్న పిల్లల్ని చూడ్డానికి అమ్మానాన్నలు వచ్చి రెండు మూడు నెలలు ఉంటారు కదా, అలాంటి వాళ్లకి పాస్ గిట్టుబాటు అవుతుంది. ఒక్కరోజు పని మీద వెళ్లేవాళ్లకి విడి టికెట్ చాలు.

దారి, కారు, చెప్పులు

హాలిఫాక్స్ నుంచి 103వ నంబరు హైవే పట్టుకుని నైరుతిగా సుమారు 100 కిలోమీటర్లు. 11వ ఎగ్జిట్‌లో దిగితే నేరుగా లూనెన్‌బర్గ్. 10వ ఎగ్జిట్‌లో దిగితే మహోన్ బే మీదుగా వెళ్తారు. అక్కడ నీటి అంచున మూడు చర్చిలు వరసగా నిలబడి కనిపిస్తాయి. వెళ్లేటప్పుడు 11, వచ్చేటప్పుడు 10 అనుకోండి, సరిపోతుంది. బస్సుల మీద ఆశ పెట్టుకోవద్దు, కారు ఉంటేనే ఈ ప్రయాణం సుఖం. పొద్దున పదింటికల్లా చేరితే రేవు వీధి, అంటే బ్లూనోస్ డ్రైవ్ దగ్గర పార్కింగ్ దొరుకుతుంది.

చెప్పులు కాదు, జారని బూట్లు వేసుకోండి. ఊరు కొండవాలు మీద ఉంది. వీధులు నిట్టనిలువుగా ఎక్కుతాయి. కింద ఓడల డెక్ తడిగా ఉంటుంది, లోపలికి దిగే మెట్లు నిచ్చెనలా ఉంటాయి. విశాఖలో కురుసుర సబ్‌మెరైన్ లోపల తల వంచుకుని నడిచిన వాళ్లకి ఆ ఇరుకు ఎలా ఉంటుందో తెలుసు. చీర కట్టుకున్న పెద్దవాళ్లకి ఆ నిచ్చెన మెట్లు కష్టం. ఆ ఒక్కరోజుకి పంజాబీ డ్రెస్సుకి ఒప్పించండి, లేదా డెక్ మీదే ఉండి చూడమనండి. ఆగస్టులో కూడా పల్చటి జాకెట్ ఒకటి కార్లో పడేయండి.

బయల్దేరే ముందు పది నిమిషాల చదువు

ఇంతకంటే ఎక్కువ అక్కర్లేదు. 1753లో బ్రిటిష్ వాళ్లు ఈ ఊరిని గీత గీసి కట్టారు. జర్మనీ, స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ అంచున ఉన్న మాంబెలియార్ ప్రాంతం నుంచి తెచ్చిన సుమారు 1,450 మంది ప్రొటెస్టెంట్లని ఇక్కడ దింపారు. అప్పటికే ఈ ప్రాంతంలో ఫ్రెంచి మాట్లాడే కాథలిక్ అకేడియన్లు ఉన్నారు. వాళ్లకి పోటీగా తమకి నమ్మకస్తులైన జనాన్ని నిలబెట్టుకోవడం బ్రిటిష్ వాళ్ల ఎత్తు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది రైతులు. సముద్రం ఎరగని వాళ్లు. వాళ్ల మనవలు, మునిమనవల కాలానికి ఈ ఊరు అట్లాంటిక్ కాడ్ చేపల వేటలో పేరు మోసింది.

వీధుల పటం కూడా ఒకసారి చూడండి. ఉత్తర దక్షిణంగా ఏడు వీధులు, వాటిని అడ్డంగా కోస్తూ తొమ్మిది. ఒక్కో ఇంటి స్థలం 40 అడుగులు, 60 అడుగులు. లండన్‌లో కూర్చున్నవాళ్ల బల్ల మీద నేల చదునుగానే ఉంది మరి, కొండని పట్టించుకోలేదు. అందుకే వీధులు అంత నిటారు. ఆ పటం నేటికీ చెక్కుచెదరలేదని యునెస్కో 1995లో పాత ఊరిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మొదటి మజిలీ: ఎర్ర భవనం కాదు, దాని ముందున్న ఓడ

రేవు అంచున ఎర్రరంగు వేసిన పెద్ద కట్టడాలే ఫిషరీస్ మ్యూజియం. ఒకప్పుడు అది చేపలు శుభ్రం చేసి పంపే ఫ్యాక్టరీ. 1967లో మ్యూజియం మొదలైంది. టికెట్ తీసుకోగానే అందరూ లోపలి గదుల్లోకి వెళ్తారు. మీరు నేరుగా బయట వార్ఫ్, అంటే ఓడలు కట్టే గట్టు మీదికి నడవండి. పొద్దున ఓడల మీద జనం ఉండరు, మధ్యాహ్నానికి ఆ నిచ్చెనల దగ్గర క్యూ అవుతుంది.

అక్కడ కట్టి ఉన్న చెక్క ఓడ పేరు తెరీసా ఈ. కానర్. 1938లో ఈ ఊళ్లోనే, స్మిత్ అండ్ రూలాండ్ యార్డులో కట్టారు. దీన్ని ఉప్పు ఓడ అనుకోవచ్చు. న్యూఫౌండ్లాండ్‌కి అవతల గ్రాండ్ బ్యాంక్స్ అనే లోతు తక్కువ సముద్రానికి వెళ్లి, పట్టిన కాడ్ చేపల్ని అక్కడే చీల్చి, ఉప్పు కొట్టి, ఓడ అడుగున పేర్చుకుని వారాల తర్వాత తిరిగొచ్చేవారు. ఐస్ లేదు, ఫ్రిజ్ లేదు. ఉప్పే ఆధారం.

డెక్ మీద పసుపు రంగు చిన్న పడవలు ఒకదాంట్లో ఒకటి స్టీలు గిన్నెల్లా పేర్చి ఉంటాయి. వాటిని డోరీలు అంటారు. ఇక్కడ ఆగండి. ఈ మ్యూజియం మొత్తంలో నేను ఎక్కువసేపు నిలబడే చోటు ఇదే. డోరీ అడుగు చదును. కూర్చునే అడ్డచెక్కలు ఊడివస్తాయి, అందుకే ఒకదాంట్లో ఒకటి ఇముడుతుంది. ఓడ వేట చోటుకి చేరాక వీటిని నీళ్లలోకి దించేవారు. ఒక్కో డోరీలో ఇద్దరు. వందల గేలాలు కట్టిన పొడవాటి తాడుకి ఎర గుచ్చి వదిలి, మళ్లీ చేత్తో లాగి, చేపలు నింపుకుని తెడ్లు వేసుకుంటూ ఓడ దగ్గరికి రావాలి. రోజుకి ఒకసారి కాదు, ఎన్నోసార్లు.

మా మామగారు డోరీ పక్కన గొంతుక్కూర్చుని అడుగున చెయ్యి పెట్టి తడిమారు. "ఈ బిరడా ఏంట్రా?" అన్నారు. అడుగు చెక్కలో ఒక చిన్న కన్నం, దానికి చెక్క బిరడా, ఆ బిరడాకి తాడు ఉచ్చు. కన్నం ఎందుకో నేనూ ఊహించగలను. పడవని పైకి లాగినప్పుడు లోపలి నీళ్లు కారిపోవడానికి. మరి తాడు పడవ అడుగు వైపు ఎందుకుంది? పక్కనే మ్యూజియం చొక్కా వేసుకున్న పెద్దాయన నించుని ఉన్నారు. అడిగాను. ఆయన ఏమీ చెప్పకుండా గుప్పిట బిగించి తలమీద పెట్టి చూపించారు. నాకు అర్థం కాలేదు. మామగారికి వెంటనే అర్థమైంది. "బోర్లా పడితే పట్టుకోడానికి" అన్నారు. తిరగబడిన డోరీ అడుగు నున్నగా ఉంటుంది, పట్టు దొరకదు. ఆ తాడు ఉచ్చు ఒక్కటే ఆధారం. తెలుగు, ఇంగ్లిష్ రెండూ అవసరం లేకుండా ఇద్దరికీ మాట కలిసింది.

మీకు అలాంటి మామగారు తోడు లేకపోయినా ఫర్వాలేదు. ఈ మ్యూజియంలో సందర్శకులకి వివరించేవాళ్లలో సముద్రం మీద పనిచేసి రిటైరైన వాళ్లు ఉంటారు. బోర్డులు చదవడం తగ్గించి వాళ్లని అడగండి. "మీరు ఓడ మీద పనిచేశారా?" అన్న ఒక్క ప్రశ్న చాలు. తర్వాత "పొగమంచులో ఓడ ఎలా దొరికేది?" అని అడగండి. తెల్లగా కమ్ముకున్నప్పుడు డోరీలో ఉన్నవాడికి ఓడ కనబడదు. ఓడ మీంచి గంటో బూరో మోగిస్తారు, ఆ శబ్దం పట్టుకుని రావాలి. శబ్దం వినబడకపోతే ఇక అంతే. పొగమంచు రోజు వెళ్తే మంచిదన్నది ఇందుకే. డెక్ మీద నించుని అవతలి ఒడ్డు వైపు చూస్తే వాళ్లు చెప్పేది చెవికి కాదు, ఒంటికి తెలుస్తుంది.

ముందు భాగంలో నిచ్చెన దిగితే వంటగది, మంచాలు ఉన్న గది. అరల్లా కట్టిన చెక్క మంచాలు, మధ్యలో త్రికోణం బల్ల, పొయ్యి. ఓడ మీద కెప్టెన్ తర్వాత అంత పరపతి వంటవాడిది. తెల్లవారకముందే లేచి రొట్టెలు కాల్చేవాడు. భోజనాల మధ్య ఎప్పుడంటే అప్పుడు టీతో ఏదో ఒకటి తినడాన్ని మగ్-అప్ అనేవారు. పిల్లలకి ఈ మాట చెప్పండి, మిగతాది మర్చిపోయినా ఇది గుర్తుంటుంది.

ఈ ఓడ కథ ముగింపు అక్కడి వాళ్లని అడిగితే చెప్తారు. 1963లో డోరీల మీదికి మనుషుల కోసం న్యూఫౌండ్లాండ్ వెళ్లింది. ఎవరూ రాలేదు. ఖాళీగా తిరిగొచ్చింది. డోరీ వేట అలా ఆగింది.

పక్కనే ఇనుప ఓడ కేప్ సేబుల్ ఉంటుంది. 1962 నాటి సైడ్ ట్రాలర్, పక్క నుంచి పెద్ద వల వేసి ఈడ్చేది. మన దగ్గర తెప్ప నుంచి మరపడవకి మారినప్పుడు ఏమైందో తెలిసిన వాళ్లకి ఈ రెండు ఓడలూ పక్కపక్కన పెట్టడంలోని అర్థం వేరే చెప్పక్కర్లేదు. చేప ఎక్కువ దొరికింది, తర్వాత అసలు దొరకడం మానేసింది. మన కోస్తాలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపుతారు. న్యూఫౌండ్లాండ్ వైపు కాడ్ వేటని 1992 జులైలో ఆపారు. ఆ నిషేధం ఎత్తేసింది 2024లో.

లోపలి గదుల్లో ఏది చూడాలి, ఏది వదలాలి

ఇప్పుడు భవనంలోకి రండి. అక్వేరియంలో పిల్లలు ఎలాగూ అరగంట తినేస్తారు, దాన్ని లెక్కలో పెట్టుకోండి. చేప చీల్చే ప్రదర్శన ఎన్నింటికో ముందే కనుక్కోండి. ఒకడు గొంతు కోసేవాడు, ఒకడు తల, పేగులు తీసేవాడు, మూడోవాడు ఒక్క ఊపులో వెన్నెముక లాగేసేవాడు. తర్వాత ఉప్పు. ఒడ్డుకి వచ్చాక చెక్క పందిళ్ల మీద ఎండబెట్టేవారు. మన ఉప్పుచేప తయారీ చూసినవాళ్లకి వాసన తప్ప అంతా గుర్తుపట్టేలా ఉంటుంది.

ఆ ఎండిన చేప ఎక్కడికి పోయిందో కూడా కనుక్కోండి. చాలా భాగం కరీబియన్ దీవులకి. వచ్చేటప్పుడు ఓడల్లో ఉప్పు, చెరకు పాకం, రమ్ము. బానిసత్వం ఉన్న కాలంలో అక్కడి చెరకు తోటల్లో బానిసలకి పెట్టిన తిండి నాసిరకం ఉప్పు కాడ్. ఈ తీరపు ఊళ్లలో రంగుల ఇళ్లు చూసి ముచ్చటపడేటప్పుడు ఆ లెక్క కూడా ఒక మూల ఉండనివ్వండి.

రమ్ము కథకి ఒక గది ఉంది. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం. చేపల కన్నా సీసాలు మోస్తే లాభం ఎక్కువని ఇక్కడి ఓడలు కొన్ని ఆ పనికి దిగాయి. వాటిలో పేరు మోసింది ఈ ఊళ్లో కట్టిన ఐయామ్ అలోన్. 1929 మార్చిలో మెక్సికో సింధుశాఖలో అమెరికా కోస్ట్‌గార్డ్ దాన్ని కాల్చి ముంచేసింది. ఒకతను చనిపోయాడు. కెనడా జెండా ఉన్న ఓడని ముంచారని గొడవ రెండు దేశాల మధ్య పంచాయితీ దాకా వెళ్లింది. 1935లో అమెరికా క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. తమాషా ఏమిటంటే, ఓడ అసలు సొంతదార్లు అమెరికన్లేనని ఆ విచారణలోనే తేలింది.

బ్లూనోస్ గదిని తీరిగ్గా చూడండి. దాని కథ సొగసంతా కోపంలో ఉంది. అమెరికాస్ కప్ పడవ పందెం గాలి ఎక్కువైందని వాయిదా వేస్తే, రోజూ అంతకన్నా పెద్ద గాలిలో బతికే జాలరులకి నవ్వొచ్చింది. "నిజంగా పనిచేసే ఓడలతో పందెం పెట్టండి" అన్నారు. 1920లో జరిగిన మొదటి పందెంలో అమెరికా వైపు గ్లౌస్టర్ అనే రేవు ఊరి ఓడ గెలిచింది. ఆ అవమానానికి జవాబుగా విలియం రూయే గీసిన నమూనాతో స్మిత్ అండ్ రూలాండ్ యార్డులో బ్లూనోస్ తయారై 1921 మార్చి 26న నీళ్లలోకి దిగింది. కెప్టెన్ ఆంగస్ వాల్టర్స్. ముందు ఒక సీజన్ చేపలు పట్టాలి, అప్పుడే పందెంలో చోటు అన్నది నియమం. ఆ ఏడే ట్రోఫీ గెలిచింది. 1938లో జరిగిన ఆఖరి పందెం దాకా ఆ ట్రోఫీ మళ్లీ చేజారనివ్వలేదు. అంత పేరున్న ఓడ చివరికి అమ్ముడుపోయి, కరీబియన్‌లో సరుకులు మోస్తూ 1946లో హైతీ దగ్గర దిబ్బకి కొట్టుకుని పోయింది. బిళ్ల మీద మాత్రం ఉంది.

రేవులో కనిపించేది బ్లూనోస్ 2. అదే యార్డులో 1963లో కట్టిన నకలు. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. వేసవిలో అది వేరే రేవులకి తిరుగుతూ ఉంటుంది. దాన్ని చూడాలని, ఎక్కాలని ఉంటే ముందు దాని షెడ్యూల్ చూసి అప్పుడు మీ తేదీ పెట్టుకోండి.

చనిపోయిన జాలరుల స్మారక గదికి వెళ్లినప్పుడు పిల్లల్ని కాస్త నెమ్మదిగా ఉండమనండి. ఊళ్లో చాలా కుటుంబాలకి అది సొంత గది. బయట రేవు ఒడ్డున అదే కథ నల్లరాతి స్తంభాల్లో ఉంది. దిక్సూచి ఆకారంలో నిలబెట్టారు, సంవత్సరాల వారీగా పేర్లు చెక్కారు. 1926, 1927 సంవత్సరాల దగ్గర ఆగి చూడండి. ఆ రెండు ఆగస్టుల్లోనూ తుఫాను సేబుల్ ద్వీపం దగ్గర వేటలో ఉన్న ఓడల్ని పట్టేసింది. 1926లో రెండు, 1927లో నాలుగు లూనెన్‌బర్గ్ ఓడలు మనుషులతో సహా పోయాయి. ఇంటిపేర్లు చదవండి. ఒకే ఇంటిపేరు పదే పదే వస్తుంది.

భోజనం విషయం

కాడ్, స్కాలప్ (ఒక రకం ఆల్చిప్ప) తినేవాళ్లకి ఈ ఊళ్లో పండగే. ఇప్పుడు ఇక్కడ స్కాలప్ వేటే పెద్దది. సాలమన్ గండీ అంటే ఉల్లిపాయతో ఊరేసిన హెర్రింగ్ చేప. మన పులుపు అలవాటు ఉన్నవాళ్లకి నచ్చే అవకాశం ఉంది. లూనెన్‌బర్గ్ పుడ్డింగ్ అని పేరు చూసి తీపి అనుకుని ఆర్డర్ ఇవ్వకండి, అది మాంసం సాసేజ్. శాకాహారులైతే పులిహోరో పెరుగన్నమో డబ్బాలో పెట్టుకెళ్లి రేవు బెంచీ మీద తినడమే నా సలహా. కాకపోతే సీగల్ పక్షులతో జాగ్రత్త. ఒకసారి మా ఆవిడ చేతిలోంచి ఏకంగా మిరపకాయ బజ్జీ ఎత్తుకుపోయింది ఒకటి. దానికి ఆ కారం ఎలా అనిపించిందో.

ఇప్పుడు కొండెక్కండి

పెల్హామ్ వీధిలో నాట్-రూలాండ్ ఇల్లు ఉంది. 1793 ప్రాంతంలో కట్టిన జార్జియన్ ఇల్లు, అంటే ఆ కాలపు బ్రిటిష్ పద్ధతి కట్టడం. ఊరి వారసత్వ సంఘం నడుపుతుంది. చిన్నది, ముప్పావుగంట చాలు. కింద ఓడలో మంచం వెడల్పు గుర్తుంచుకుని ఇక్కడి గదుల్లో నడవండి. పొయ్యి గూళ్లు, చెక్క పని చూస్తుంటే డబ్బు ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. 1782 జులై 1న అమెరికన్ ప్రైవేటీర్లు, అంటే లైసెన్సున్న సముద్రపు దొంగలు, ఈ ఊరిని దోచారు. ఆ సంగతి ఇక్కడ అడిగితే ఉత్సాహంగా చెప్తారు.

బయటికి వచ్చాక తల ఎత్తి నడవండి. ఇళ్ల ముందు భాగంలో పై అంతస్తు నుంచి బోర్లా పొడుచుకొచ్చి గుమ్మం మీదికి గొడుగులా వాలిన అయిదు పలకల కిటికీ అర ఒకటి కనిపిస్తుంది. దీన్ని లూనెన్‌బర్గ్ బంప్ అంటారు. పిల్లలకి పందెం పెట్టండి, ఎవరికి ఎక్కువ బంప్‌లు దొరికితే వాళ్లకి ఐస్‌క్రీం. కొండ ఎక్కుతున్నామన్న సంగతే మర్చిపోతారు.

సెయింట్ ఆండ్రూస్ చర్చి శిఖరం మీద గాలి దిక్కు చూపేది కోడిపుంజు కాదు, కాడ్ చేప. దాన్ని చూసి నవ్వుకుని సెయింట్ జాన్స్ ఆంగ్లికన్ చర్చికి రండి. నలుపు తెలుపు చెక్క చర్చి. 2001 హాలోవీన్ రాత్రి కాలిపోయింది. పోయిన దాన్ని చెక్క చెక్కా ఏరి, 2005 నాటికి మళ్లీ నిలబెట్టారు. బలిపీఠం మీది కప్పులో బంగారు నక్షత్రాలుంటాయి. మళ్లీ కట్టేటప్పుడు వాటి వరస ఎలా ఉండేదో తెలుసుకోవాలని ఖగోళ శాస్త్రజ్ఞుడి సాయం అడిగితే, అది రెండు వేల ఏళ్ల కిందటి మొదటి క్రిస్మస్ ముందు రాత్రి ఇదే ఊరి మీద కనిపించి ఉండే ఆకాశంతో సరిపోతోందని తేలింది. పాత చిత్రకారుడికి ఆ లెక్క ఎలా తెలిసిందన్నది ఇప్పటికీ చర్చే. బెంచీ మీద కూర్చుని పైకి చూడండి, మెడ నొప్పి పుడితే పుడుతుంది. చర్చిల్లోకి వెళ్లేముందు లోపల పెళ్లిగానీ ప్రార్థనగానీ జరుగుతోందేమో చూసుకోండి.

కొండ చివర 1895 నాటి లూనెన్‌బర్గ్ అకాడమీ. నాలుగు మూలల బురుజులతో తెల్లటి చెక్క కోటలా ఉండే బడి. 2012 దాకా అందులో పిల్లలు చదివారు. రేవులో చేప మీద వచ్చిన డబ్బుతో ఊరు తన పిల్లలకి ఊరంతటికీ కనబడే చోట బడి కట్టుకుంది. లోపలికి పోకపోయినా మెట్ల మీద పది నిమిషాలు కూర్చోవచ్చు.

బోర్డుల మీద చిన్న అక్షరాల్లో ఉన్నవాళ్లు

ఏ ఊరి మ్యూజియం అయినా ఊరు పుట్టిన తేదీతో మొదలవుతుంది. ఈ ఊరికి అది 1753. కానీ ఈ రేవుకి అంతకుముందే పేర్లున్నాయి. ఇక్కడి ఆదివాసులైన మిక్మా ప్రజలు దీన్ని ఎసెకాటిక్ అన్నారు. ఆల్చిప్పలు దొరికే చోటని అర్థం. తర్వాత అకేడియన్లతో కలిసి ఉన్న పల్లెకి మెర్లిగేష్ అన్న పేరు ఉండేది. ప్రతి గదిలోనూ "ఈ వస్తువు వచ్చేముందు ఇక్కడెవరున్నారు?" అని ఒక్కసారి అడుక్కోండి. అది పాత కథ కూడా కాదు. 1760, 1761 ఒప్పందాల ప్రకారం చేపలు పట్టి బతికే హక్కు మిక్మా వాళ్లకి ఉందని కెనడా సుప్రీంకోర్టు 1999లో మార్షల్ కేసులో తీర్పు ఇచ్చింది. ఎండ్రకాయకి దూరపు చుట్టం లాంటి లాబ్‌స్టర్ మీద ఆ తగవు రేవుల్లో ఈనాటికీ నడుస్తోంది. మ్యూజియంలో మిక్మా మనిషి వివరిస్తుంటే చివర్లో "వెలాలిన్" అనండి. వాళ్ల భాషలో కృతజ్ఞతలు.

రెండో రోజు ఉంటే

లా హేవ్ నది దాటి ఫోర్ట్ పాయింట్ మ్యూజియంకి వెళ్లండి. 1632లో ఫ్రెంచివాళ్లు దిగి కోట కట్టిన చోటు. నది దాటించే ఫెర్రీ ఇనప తాడు పట్టుకుని లాక్కుంటూ వెళ్తుంది, పిల్లలకి అదే పెద్ద మ్యూజియం. లేదంటే హాలిఫాక్స్‌కి వచ్చేసి మారిటైమ్ మ్యూజియంలో 1917 డిసెంబరు 6న హాలిఫాక్స్ రేవులో ఓడలు ఢీకొని జరిగిన పెద్ద పేలుడు గది, టైటానిక్ నుంచి కొట్టుకొచ్చిన కుర్చీ చూడండి. అక్కడి నుంచి రేవు వెంబడి నడిస్తే పియర్ 21 వస్తుంది. 1928 నుంచి 1971 దాకా వలస వచ్చినవాళ్లు ఓడ దిగిన షెడ్డు అది. అమ్మానాన్నల్ని తీసుకెళ్తే మన రాక ఎయిర్‌పోర్టులో ఎంత తేలిగ్గా అయిపోయిందో చెప్పుకోవడానికి కొంచెం సిగ్గేస్తుంది.

ఒక్క రోజే అయితే తిరిగి వెళ్లేముందు కారులో రేవు చుట్టూ తిరిగి అవతలి ఒడ్డున గోల్ఫ్ మైదానం వైపుకి రండి. ఎర్ర భవనాలు, ఓడల కొయ్యలు, పైన చర్చి శిఖరాలు, చిట్టచివర తెల్ల బడి ఒకదాని మీద ఒకటి అక్కడి నుంచే కనబడతాయి. బిళ్ల చేతిలో పెట్టుకుని ఫొటో తీయాలంటే ఇదే చోటు. సాయంత్రం ఎండ ఊరి మీద పడే వేళకి వెళ్లండి, కానీ మరీ చీకటి పడనివ్వకండి. సంధ్యవేళ 103 మీదికి జింకలు వస్తాయి, వేగం తగ్గించి నడపండి.